కొట్టుడు తెలియని డ్రిల్ మేడమ్

మా డ్రిల్ మేడమ్ పోయింది. మొన్న పొద్దున సబ్ సెంటర్‌ల పిల్లలకు టీకాలు ఏస్తుంటే సమ్మక్క ఫోన్ చేసింది. సమ్మక్క నాతోటి ఆశ్రమ పాఠశాలల చదువుకున్నది, ఇప్పుడు మణుగూరు దిక్కు అంగన్‌వాడీల పనిచేస్తుంది.

"మేడమ్ పోయిందే. తెల్లారంగ పోయిందంట. రేపు కారేపల్లిల మట్టి చేస్తరంట," అన్నది.

నేను "అవ్" అన్న.

కావలసిన మనిషి పోయిందంటే ముందుగాల కండ్లల్ల నీళ్లు రావాలె. నాకు ముందు మొఖం కాలింది. చెవుల దాంక సిగ్గు ఎక్కింది. ఎన్నటిదో భద్రాచలం గ్రౌండ్, ఆ మైకు, ఆ నవ్వులు అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డయి. ఎదురుంగ ఒక తల్లి బిడ్డను ఒడిల పట్టుకొని "ఏమైంది సిస్టరమ్మా?" అని అడుగుతుంటే సిరంజి పట్టుకొని గట్లనే నిలబడ్డ. ఆమె పేరు చెప్పుకుంటే నాకు ముందు సిగ్గే ఎందుకు యాదికొస్తదో మీకు చెప్పాలె. అది చెప్పకుండ మా మేడమ్ గురించి ఎంత చెప్పినా సగమే.

నేను ఆ బడికి పోయేటప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేండ్లే అయింది. మా ఊరు అడవి లోపట. బస్సు దిగినంక వాగు దాటి నడవాలె. ఇంట్ల మా భాషే మాట్లాడుతం, తెలుగు బడిల నేర్చుకున్నదే. నేను నోరు తెరిస్తే రోడ్డు మీది ఊర్ల పిల్లలు నవ్వేది. అందుకే నోరు తెరవకుండ ఆరో తరగతి సగం గడిపిన.

మేడమ్‌ది కారేపల్లి దిక్కు. క్రిస్టియన్ల ఇంటి మనిషి, సన్నగ పొడుగ్గ ఉండేది. పెండ్లి చేసుకోలేదు. చీర కుచ్చిళ్లు పైకి చెక్కుకొని, మెడల విజిల్ ఏసుకొని గ్రౌండ్‌కు వచ్చేది గని ఆ విజిల్ ఊదుడు తక్కువ. "ఇది బర్లను మలుపనీకి కాదు" అనేది. కొంగుకు ఎప్పుడు పల్లీలు, బెల్లం ముక్క మూటకట్టి ఉండేది. పీరియడ్ అయిపోయినంక ఎవరు ఎక్కువ అలిసిపోతే వాళ్ల చేతిల ఆ మూట విప్పేది. బెత్తం ఆమె చేతిల మేమెన్నడు చూడలేదు. మిగతా సార్లు "ఈమెకు కొట్టుడే తెలువది, గందుకే పిల్లలు నెత్తికెక్కిన్రు" అనుకునేటోళ్లు.

బడికి ఉన్నది ఒక్కటే ఫుట్‌బాల్. దాన్ని ఆమె తన మంచం కింద పెట్టుకునేది. అంగడి రోజు సైకిల్ షాపుల గాలి కొట్టించుకొని, సంకల పెట్టుకొని బస్సుల తెచ్చేది. "మేడమ్, దానికి గూడ హాఫ్ టికెట్ తీస్కోవాలె" అని కండక్టర్ నవ్వేటోడంట. ఆ మాట మాకు తనే చెప్పి తనే నవ్వేది.

మమ్ముల రెండు వరుసలల్ల ఎదురెదురుంగ నిలబెట్టి పాస్ ఇచ్చుడు నేర్పింది. మాకు బూట్లు లేవు, ఉత్త కాళ్లే. మొదటి రోజు అందరం బొటనవేలుతోటి పొడిచినం. "అట్ల పొడిస్తే గోరు ఊడుతది బిడ్డా" అని నేల మీద కూసొని నా పాదం తన చేతిలకు తీసుకున్నది. అంతకుముందు నా కాలు ముట్టుకున్న టీచర్ లేదు. ఆ మట్టి కాలును వెనక్కి గుంజుకోబోయిన. ఆమె ఇడువలేదు. "ఈడ, లోపలి పక్క సూడు, కొంచెం గుంట ఉన్నది. బాల్ దీనికి తగలాలె. పొడువకు, తోయి. ఇంకో కాలు ఎటు సూస్తే బాల్ అటే పోతది."

బాల్ అందుకునుడు గూడ ఆమెదే తీరు. "కాలును గోడ చెయ్యకు. బాల్ వస్తుంటే కాలు జర వెనక్కి తీస్కో. చంటిపిల్లను అందుకున్నట్టు అందుకో." ఇండ్లల్ల తమ్ముళ్లను, చెల్లెళ్లను చంకనేసుకొని పెరిగినోళ్లం, ఆ మాట మాకు ఎంటనే తెలిసింది.

ఇయ్యబోయే ముందు ఎదుటిదాన్ని కేకేసి పిలువాలె. సూడు, పిలువు, ఇయ్యి. ఇది ఆమె పాఠం. నాకు ఇచ్చుడు వచ్చింది, పిలుచుడు రాలేదు. నా గొంతు బయటికొస్తే నవ్వుతరని భయం. ఒకరోజు నా ముందు నిలబడి అడిగింది.

"ఇంట్ల మీ అమ్మను ఎట్ల పిలుస్తవ్?"

నేను మెల్లగ మా భాషల చెప్పిన.

"గట్లనే పిలువ్. మీ భాషలనే పిలువ్. సమ్మక్కకు తెలుస్తది గదా?"

సమ్మక్కది మా పక్క గూడెమే. నేను మా భాషల "ఇగ తీస్కో" అని అరిచి బాల్ తోసిన. ఎవరో కిసుక్కున నవ్విన్రు. మేడమ్ నవ్వినోళ్ల దిక్కు తిరిగి, "నాకు గూడ ఆ మాట నేర్పమని అడుగున్రి," అన్నది. పది రోజులకు మొత్తం వరుస ఆ మాటనే అరుస్తుంది. మేడమ్ గూడ అరిచేది గని ఆమె నోట్ల అది ఎప్పుడు సక్కగ పలుకకపోయేది.

మా గ్రౌండ్ బడి వెనుక, వాగు దిక్కు వాలి ఉండేది. గోల్ పోస్టులు లేవు. గట్టిగ తంతే బాల్ తుమ్మచెట్లల్ల పడాలె, లేకుంటే వాగుల పడాలె. ఒక వానకాలం సమ్మక్క ఊపుమీద తన్నితే వాగులనే పడ్డది. మేడమ్ చీరతోటే నడుంలోతు నీళ్లల్ల దిగి దాన్ని పట్టుకొచ్చింది. గట్టు మీద మేము ఏడుస్తున్నం. బయటికొచ్చి కొంగు పిండుకుంట, "మన గ్రౌండ్ చిన్నగుంది. ఇయ్యాల్టి సంది గట్టిగ కొట్టుడు బంద్. ఇచ్చుకునుడే," అన్నది. అట్లనే రెండేండ్లు ఆడినం. మా పాసులు చూడనీకి వంటమనుషులు గూడ పని ఆపి వచ్చేది.

ఎనిమిదో తరగతిల భద్రాచలంల బడుల పోటీలకు పోయినం. నేను గోదావరిని సక్కగ చూసింది అప్పుడే. గ్రౌండ్ చుట్టు జనం. ఎదురు జట్టు పిల్లలు బొగ్గుబాయి కాలనీల బడి నుంచి వచ్చిన్రు, మోకాళ్ల దాంక మేజోళ్లు, కాళ్లకు బూట్లు. మేము నీలం స్కర్టులు, ఉత్త కాళ్లు. అయినా ఆట మొదలుకాంగనే బాల్ మా కాళ్లల్లనే తిరిగింది. జనం చప్పట్లు కొట్టిన్రు. మైకుల మాట్లాడే ఆయన "శెబాష్, అడవి బిడ్డలు ఏం ఆడుతున్నరు!" అన్నడు.

గోల్ దగ్గరికి పోయినంక తెలిసింది మాకు ఏం రాదో.

బాల్ నా దగ్గరికి వచ్చింది. గోల్ కాసే పిల్ల జారి పడ్డది. నా ముందు ఎవ్వరు లేరు, ఉత్త జాగ. నేను చూసిన, పిలిచిన, వెనుక ఉన్న సమ్మక్కకు ఇచ్చిన. సమ్మక్క మళ్ల నాకు ఇచ్చింది. నేను మళ్ల వెనక్కి ఇచ్చిన. "కొట్టవే!" అని ఎవరో అరిచిన్రు. మాకు ఆ మాట అర్థమైతలేదు. కొట్టొద్దనే కదా నేర్చుకున్నది. మైకుల ఆయన, "ఎవరన్న పోయి ఈ పిల్లలకు గోల్ అంటే ఏందో చెప్పున్రయ్యా. ఇట్ల ఇచ్చుకుంట పోతే పొద్దుమూకుతది!" అన్నడు. గ్రౌండ్ అంత పక్కున నవ్వింది. పోలీసాయన నవ్విండు. ఐస్ అమ్మేటాయన నవ్విండు. ఆ తర్వాత బాల్ నా దగ్గరికి వచ్చినప్పుడల్ల నవ్వులే. నా కాళ్లు ఎండిన కట్టెలైనయి. స్కర్టు, జడ, నల్లటి మోకాళ్లు, అన్నీ నావే అయినందుకు సిగ్గైంది. భూమి నోరు తెరిస్తే బాగుండు అంటరే, నేను నిజంగనే నేల దిక్కు చూసిన.

మేడమ్ గ్రౌండ్ గీత అవతల నిలబడి ఉంది. విజిల్ పండ్ల నడుమ పట్టుకొని ఉన్నది. ఆమె మొఖంల నెత్తురు లేదు.

ఏడు గోల్స్‌తోటి ఓడినం. తిరిగి బస్సెక్కినం. ముందు సీట్ల ముసలాయన, "గెలిచిన్రా బిడ్డా?" అని అడిగిండు. మేము తలలు దించుకున్నం. మేడమే చెప్పింది, "లేదు తాతా, మస్తు ఓడినం."

మర్నాడు ప్రార్థన కాడ పెద్దసార్ "బడి పరువు తీసిన్రు" అని మొదలుపెట్టిండు. మమ్ముల ముందుకు పిలిచి వరుసగ నిలబెట్టిండు. మేడమ్ పక్కనుంచి నడిచొచ్చి మా వరుసల, చివరికి, సమ్మక్క పక్కన నిలబడ్డది. సార్ ఆగిండు.

"నాతోటే చెప్పున్రి సార్," అన్నది. "వీళ్లకు నేర్పిందంత చేసిన్రు. గోల్ కొట్టుడు నేను నేర్పలే. నాకు రాదు."

మొత్తం బడి వింటుంది. అయినా ఆమె ఆపలేదు. "మేము చిన్నప్పుడు హాస్టల్ వరండాల ఆడినం. అద్దాలు పగులుతయని గట్టిగ కొట్టనియ్యకపోయేది. నాకు వచ్చిందే నేర్పిన. రాదని చెప్పనీకి సిగ్గై, గ్రౌండ్ చిన్నగ ఉందని చెప్పిన."

మాకోసం అంత మాట అన్నది గని మా సిగ్గు పోలేదు. ఇంకా పెరిగింది. ఇప్పుడు ఆమెది గూడ మా మీద పడ్డది. ఆ వారమంత డ్రిల్ పీరియడ్‌కు ఎవ్వరం పోలేదు. కడుపునొప్పి అని ఒకరు, కాలునొప్పి అని ఒకరు హాస్టల్‌లనే పండుకున్నం.

అప్పుడు ఆమె ఒక్కతే గ్రౌండ్‌కు పోయింది. వంటింటి వెనుక గోడ మీద బొగ్గుతోటి రెండు నిలువు గీతలు గీసి, దూరం నుంచి బాల్ తన్నుడు మొదలుపెట్టింది. నలభై దాటిన మనిషి. మేము కిటికీల్లకెంచి చూస్తున్నం. మొదటిది గోడ దాంకనే పోలేదు. రెండోది కట్టెల మోపుకు తాకింది. మూడోసారి ఉరికొచ్చి తన్నితే కాలు గాల్లకు లేచి, చీర కాళ్లకు చుట్టుకొని, బురదల ఎల్లెలుకల పడ్డది. బాల్ పడ్డకాడనే ఉంది.

కిటికీల కాడ మేమంత నవ్వినం. ఆపుకుందమన్నా ఆగలేదు. నవ్వుతూనే భయపడ్డం, ఆమెకు వినపడ్డదని. ఆమె బురదలనే లేచి కూసొని మా దిక్కు చూసింది.

"నవ్వున్రి, నవ్వున్రి," అన్నది. "నవ్వితే ఎవ్వరు సావరు. నేను సచ్చిన్నా?"

ముందు సమ్మక్క దిగింది. ఆమె ఎనుక నేను. చేయి అందించి లేపినం. ఆ సాయంత్రం సంది కొట్టుడు కలిసే నేర్చుకున్నం, ఆమె గూడ మాతోటే వరుసల నిలబడి తన్నేది. వంటమనిషి గోడ పెచ్చులు రాలుతున్నయని మొత్తుకునేది.

మరుసటేడు భద్రాచలంల గెలిచినమని చెప్తే మీకు బాగుంటుండె. గెలువలేదు. నాకు ఒక్క అదను దొరికింది. ఈసారి వెనక్కి ఇయ్యలేదు, కొట్టిన. బాల్ గోల్ మీదికెంచి ఎగిరి చాయ్ బండి మీద పడ్డది. గ్లాసులు పగిలినయి. గ్రౌండ్ మళ్ల నవ్వింది. నా మొఖం మళ్ల కాలింది. గని ఈసారి నేల దిక్కు చూడకుండ మేడమ్ దిక్కు చూసిన. రెండు చేతులు పైకెత్తి చప్పట్లు కొడుతుంది. తర్వాత చాయ్ బండాయన కాళ్లావేళ్లా పడ్డది గూడ ఆమెనే.

నేను నర్సు ట్రైనింగ్ చేసి ఉద్యోగంల చేరినంక ఎప్పుడన్న ఫోన్ చేసేది. పోయిన వానకాలం ఆమె చెల్లె చెప్పంగ తెలిసింది, దవాఖాన నుంచి ఇంటికి పంపిన్రని. సెలవు పెట్టి కారేపల్లి పోయిన. మంచంల ఇంత మనిషై ఉంది. నన్ను చూసి నవ్వబోయి, ఎంటనే మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది. దుప్పటి ఖరాబైంది. చెల్లె అంగట్లకు పోయింది.

"నువ్వు బయట కూసో బిడ్డా. చెల్లె వస్తది," అన్నది.

"నా పనే ఇది మేడమ్."

"వేరేటోళ్లకు చేస్తవు. నాకు చేస్తే నాకు సిగ్గైతది."

నేను గోరువెచ్చని నీళ్లు తెచ్చిన. ఆమెను పక్కకు ఒరిగిచ్చి తుడిచి, దుప్పటి మార్చిన. నా కాలు చేతిల పట్టుకొని కూసున్న మనిషిని గట్ల చూసుడు నాకే సిగ్గనిపించింది. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూడలేదు. అంత అయినంక ఆమె కండ్లు మూసుకొనే నా చెయ్యి ఎతుక్కున్నది. "ఎవలకన్న నేర్పుతున్నవా?" అని అడిగింది. ఏం నేర్పాలె అని నేను అడగలేదు. "లేదు మేడమ్" అన్న. "సరే తీయి" అన్నది. అదే ఆఖరి మాట.

మట్టికి మా బడి పిల్లలం చాలమంది వచ్చినం. ఇప్పుడు పిల్లలం గాదు, కొంగులు సర్దుకునే ఆడోళ్లం. పాస్టరు ప్రార్థన చేస్తుంటే వాన మొదలైంది. ఆయన ఆమె ఓపిక గురించి, సేవ గురించి చెప్పిండు. మాలో ఎవరన్న రెండు మాటలు మాట్లాడమన్నడు. అందరు నా దిక్కు చూసిన్రు. నేను లేచిన. తలొంచుకొని మళ్ల కూసున్న. అక్కడ అననిదే ఇక్కడ మీకు రాస్తున్న.

అంత అయిపోయి గేటు దిక్కు నడుస్తుంటే వాన జోరైంది. సమాధి కొత్త మన్ను కరిగి, ఎర్రటి నీళ్లు సన్నటి పాయలై బాట మీదికి వస్తున్నయి. మీద ఏసిన బంతిపూల రేకులు ఆ నీళ్లల్ల తేలుకుంట మమ్ముల దాటి ముందుకు పోతున్నయి. సమ్మక్క చీర కుచ్చిళ్లు పట్టుకొని ఆగింది. నేను ఆగిన. మా ఎనుక వచ్చేటోళ్లు గూడ ఆగిన్రు. ఆ రేకులు గేటు కింద నుంచి జారి రోడ్డు మీదికి పోయేదాంక ఎవ్వరం అడుగు తీసి ఏయలేదు.