ఏడవని పిల్లాడు

మొన్న మనవరాలికి జలుబు చేసి దగ్గు పట్టుకుంటే, కోడలికి తోడుగా గుడివాడలో పిల్లల ఆసుపత్రికి వెళ్ళాను. ఇప్పుడంతా గాజు తలుపులు, గోడ మీద ఎర్ర అంకెలు. మా నంబరు కోసం చూస్తుంటే ఒక నర్సమ్మాయి వచ్చింది. గోల చేస్తున్నవాళ్ళని పట్టించుకోకుండా ఒక్కో బిడ్డ దగ్గరా ఆగి, చొక్కా పైకెత్తి డొక్కలు చూస్తోంది. మూలన తల్లి భుజం మీద కిమ్మనకుండా పడున్న ఒక పసివాణ్ణి చూడగానే, నంబరు కూడా అడక్కుండా లోపలికి తీసుకుపోయింది. "హాయిగా నిద్రపోతున్నాడు కదా మావయ్యగారూ, వాళ్ళకేం తొందర?" అని మా కోడలు విసుక్కుంది. నేను మంచినీళ్ళ వంకతో బయటికి వచ్చేశాను.

తొంభైల చివర్లో నేను బందరులో ఒక పిల్లల డాక్టరు గారి దగ్గర కాంపౌండర్ని. చీటీలు రాసేదీ, ఎవర్ని ముందు పంపాలో తేల్చేదీ నేనే గనక ఆయనకన్నా నాకే దండాలు ఎక్కువ వచ్చేవి. వరికోతలు మొదలై చలి తిరిగిందంటే మా వరండాలో ఇసకేస్తే రాలనంత జనం. బడికెళ్ళే పెద్దపిల్లాడు ఎక్కణ్ణుంచో చీమిడిముక్కు వేసుకొచ్చేవాడు. వాడికి రెండు రోజుల్లో తగ్గిపోయేది. ఉయ్యాల్లో ఉన్నవాడికి మాత్రం అదే నెమ్ము చేసి పిల్లికూతల్లోకి దిగేది. ప్రతి బిడ్డ వెనకా ఒక నాయనమ్మ, ప్రతి నాయనమ్మ దగ్గరా ఒక వైద్యం. వాము మూటతో కాపడం, ఆముదం రాసి వెచ్చజేసిన తమలపాకు, సాంబ్రాణి పొగ, ఇవన్నీ అయ్యాకే మా గుమ్మం ఎక్కేవారు. ఆ రొదలో నాకో సొంత ధర్మశాస్త్రం ఉండేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, గట్టిగా ఏడ్చే బిడ్డనీ, గట్టిగా పోట్లాడే నాయనమ్మనీ ముందు పంపేసేవాణ్ణి. వరండా సద్దుమణిగేది. ఈ తెలివితేటల గురించి మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయేవాణ్ణి.

ఆ రోజుల్లో ఒక ఉదయం నాగాయలంక అవతలి పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. మొగుడు సముద్రం మీద వేటకి వెళ్ళాడట, చల్లపల్లిలో బస్సు మారి ఒక్కతే వచ్చింది. నాలుగు నెలల పిల్లాడు భుజం మీద పడుకుని ఉన్నాడు. "రాత్రంతా ఒకటే ఏడుపండీ. తెల్లారాక ఊరుకున్నాడు," అంది. నాకు హమ్మయ్య అనిపించింది. చీటీ ఇస్తూ, "బుద్ధిమంతుడమ్మా నీ కొడుకు. అందరూ ఇలా ఉంటే నాకీ తలనొప్పే ఉండదు," అన్నాను. ఆమె సిగ్గుపడి నవ్వింది. ఆ తర్వాత ఆమె ముందు నుంచే ఎంతమందిని లోపలికి పంపానో నాకే తెలీదు. ఒకసారి లేచి నా బల్ల దాకా వచ్చి, "పాలు తాగట్లేదండీ," అంది. "నిద్రలో ఏం తాగుతాడు, కూర్చోమ్మా," అన్నాను. కూర్చుంది. మొత్తం రెండు గంటలు కూర్చుంది.

ఆమె లోపలికి వెళ్ళిన మరుక్షణం డాక్టరు గారు నన్ను కేకేశారు. నేను వెళ్ళేసరికి పిల్లాడి చొక్కా విప్పి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆక్సిజను పెట్టి, అప్పటికప్పుడు కారు పిలిపించి విజయవాడ పంపించారు. కారు వెళ్ళాక ఆయన నా వైపు చూడకుండా, "ఏడవడానికి ఊపిరుండాలయ్యా. ఏడ్చేవాళ్ళు కాసేపు ఆగగలరు. ఏడుపు మానేసినవాడే ఆగలేడు," అన్నారు. తిట్టినా బాగుండేది. మూడో రోజు పిల్లాడు పోయాడని ఫోనొచ్చింది. ముందు చూసినా దక్కేవాడో లేదో అని ఆయన ఒకసారి నా కోసమే అన్నారు. ఆ మాట నమ్మడానికి నేను చాలా ప్రయత్నించాను.

మర్నాటి నుంచి చీటీ రాసే ముందు ప్రతి బిడ్డ చొక్కా ఎత్తి చూడటం అలవాటు చేసుకున్నాను. కొందరు బతికారు కూడా. కానీ ఒకరికి చేసిన అన్యాయం ఇంకొకరికి చేసిన మేలుతో చెల్లదు.

నెల తిరిగాక ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది, చేతిలో గుడ్డసంచీ నిండా ఎండు రొయ్యలు. కారు పిలిపించినందుకు డాక్టరు గారికిమ్మంది. వెళ్ళబోతూ ఆగి, "ఆ రోజు మావోణ్ణి బుద్ధిమంతుడన్నారండీ. మా ఆయనకి కూడా చెప్పానండీ. బయటోళ్ళు వాణ్ణి మెచ్చుకుంది అదొక్కసారేనండీ," అంది. తప్పు నాదమ్మా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. వెనక ఎవరో నాయనమ్మ చీటీ కోసం అరుస్తోంది. నేను తల వంచుకుని ఆవిడ చీటీ రాశాను. తలెత్తేసరికి ఆ అమ్మాయి గేటు దాటిపోయింది.

ఆ పల్లె అంత దూరమేమీ కాదు. అయినా ఎప్పుడూ వెళ్ళలేదు. మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత పాత గాయం ఎందుకు రేపడమన్న నెపం. ఆ పసివాడు రెండు గంటలు ఆగలేకపోయాడు. నాకు మాత్రం ఒక్క మాట చెప్పడానికి పాతికేళ్ళు చాలలేదు.