దేవకమ్మ ఇంట ఎడ్లకు విడిది

ఉదయగిరి కొసన, ఆత్మకూరు బాట పక్కనే దేవకమ్మ ఇల్లు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఉండేది ఒక్క ముళ్ళకంచె. కాబట్టి ఆ ఇంట్లో ఏం జరిగినా నా కంట పడక తప్పదు. మొగుడు పోయినాక ఆమె బండ్లవాళ్ళకు అంబలీ మజ్జిగా అమ్మి కూతురు కామమ్మను పెంచింది. ధాత కరువు దాటిన రెండో ఏడు ఆ పిల్లకు ఆత్మకూరు సంబంధం కుదిరింది.

తాంబూలాలనాడు పెళ్ళికొడుకు తండ్రి మాల్యాద్రి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అలాంటప్పుడు ఎవరైనా ఏమడుగుతారు? ఎంతమంది వస్తారు, ఎవరెవరికి చీరెలు పెట్టాల అని కదా. దేవకమ్మ మాత్రం, "ఎన్ని బండ్లు వస్తాయన్నా?" అనింది.

"ఆరు."

"ఎడ్లు మీవేనా?"

మాల్యాద్రి మొహం చిన్నబోయింది. "ఒక జతే నాది. కడమవి ఊళ్ళో వాళ్ళనడిగి కట్టుకొస్తాం. కరువులో ఎవరికి మిగిలినాయి చెల్లెమ్మా?"

ఆమె తలూపి, లోపలికి పోయి తాంబూలం పళ్ళెం తెచ్చింది. ఆ మాట ఎందుకడిగిందో తెలియక నాకు ఆ పూట అన్నం సయించలా.

తాళిబొట్టుకూ చీరెలకూ బియ్యానికీ తీసిపెట్టినాక ఆమె చేతిలో కొద్ది డబ్బే మిగిలింది. దాంతో మేళం పిలిపించమని అన్న జనార్దనయ్య పట్టుబట్టినాడు.

"వాళ్ళు ఊరిబయట నిలబడతారు దేవకా. మేళంతో ఎదురుబోయి పిలవకపోతే అడుగు లోపల పెట్టరు. బండ్లు మళ్ళేసుకొని పోతే పిల్ల గతేంది?"

"రెంటికీ చాలవన్నా."

"రెండోదేంది?"

మర్నాడు అంగడి బర్కతుల్లా బండి ఆ వాకిట్లో ఆగింది. జొన్నచొప్ప కట్టలు, ఉలవల బస్తా, పత్తిగింజలు దించుతా ఆయన నవ్వినాడు.

"పెళ్ళికొడుక్కు ఉలవలా, దేవకమ్మా?"

"వాడికి గుగ్గిళ్ళు వండి పెడతాలే. నువ్వు దించు."

ఇంక నా వల్ల కాలా. కంచె దాటిపోయి, "ఏంది వదినా ఇది? పెళ్ళి పిల్లకా, గొడ్లకా?" అని అడిగేసినాను.

ఆమె చొప్ప సర్దుతానే చెప్పింది. "కరువులో చూసినావు కదా. ఇంటి మీద కప్పిన గడ్డి పీకి మా ఎద్దుకేసినా, అది బతకలా. ఇప్పుడు ఆరు బండ్లంటే పన్నెండు ఎడ్లు. పది అడిగి తెచ్చేవి. రెండు దినాల బాట, దోవలో మేత లేదు. ఒక్కటి కూలబడినా మాల్యాద్రన్న ఆ ఊళ్ళో ఏ మొహంతో తిరుగుతాడు? ఈ కోడలు కాలు పెట్టింది, ఎద్దు పోయింది అంటారు. మేళం లేకుంటే ఒక పూట తిడతారు. ఎద్దు పోతే నా బిడ్డని బతికినన్నాళ్ళూ అంటారు."

"అది సరే, వాళ్ళు ముందు లోపలికి రావాల కదా?"

"నా భయమూ అదే," అనింది.

పెళ్ళికి ముందునాటి సాయంత్రానికి పెళ్ళికొడుకువాళ్ళు వచ్చినారు. మేము ఆడోళ్ళం హారతి పళ్ళెంతో పాట పాడుకుంటా ఎదురుపోయినాం. ముందు బండిలో మాల్యాద్రి అక్క మస్తానమ్మ కాళ్ళు బారజాపుకొని కూర్చోనుండాది.

"మేళమేదీ? పెళ్ళికొచ్చినామా, పరామర్శకొచ్చినామా? మేళం మోగేదాకా నేను ఈ బండి దిగను!"

మాల్యాద్రి అక్క మాట కాదనలేక తల వంచుకున్నాడు. జనార్దనయ్య చెల్లెలి వైపు కొరకొరా చూసినాడు. దేవకమ్మ పళ్ళెం నా చేతికిచ్చి బండి దగ్గరికి పోయింది.

"దిగొద్దులే వదినా. ఎడ్లను మాత్రం విప్పించు. దప్పికతో ఉండాయి."

విప్పేదానికి బండివాడు కిందికి దూకినాడో లేదో, ముందు జత ముట్టె పైకెత్తి వాసన పట్టింది. దేవకమ్మ ఇంటి ముందర తొట్లనిండా నీళ్ళు, పక్కన ఉలవల దాణా. అంతే, బండిని ఈడ్చుకొని ఉరికినాయి. "ఆపండ్రోయ్!" అని మస్తానమ్మ బండి గూటిబద్ద పట్టుకొని కేకలు. వెనక అయిదు బండ్లూ దాని వెంటే. పెళ్ళికొడుకు తలపాగా బాటలోనే రాలిపోయింది. దిగనన్న మాట మస్తానమ్మ తప్పలా. దిగకుండానే పందిట్లోకి వచ్చేసింది.

తొట్లలో మూతులు పెట్టిన ఎడ్లను మాల్యాద్రి ఒక్కొక్కదాన్నే డొక్క తడిమి చూసుకున్నాడు. "దుత్తలూరు మజిలీలో గడ్డిపరక దొరకలా చెల్లెమ్మా. ఈ నల్లెద్దు మా ఊళ్ళో శీనయ్యది, అడిగి తెచ్చింది. ఎక్కడ పడిపోతాదోనని దోవంతా దేవుడికి మొక్కుకుంటానే వచ్చినా." తర్వాత బండి వైపు తిరిగి, "అక్కా, దిగు," అన్నాడు.

"మేళమో?"

"నువ్వు పాడు."

ఆమె గొణుక్కుంటా దిగింది. పాడింది కూడా. పెద్ద గొంతే ఆమెది.

ముహూర్తం తప్పకుండా పెళ్ళి జరిగింది. ఎడ్లు తేరుకుంటాయని మాల్యాద్రి ఇంకో రెండు దినాలు ఉండిపోయినాడు. దేవకమ్మ లెక్కలో అది లేదు. బియ్యం అయిపోయి కడపటి పూట పందిట్లో అంబలి పోసింది, తల ఎత్తలేక. "ఎడ్లకు ఉలవలు, మాకు అంబలా!" అంటానే మస్తానమ్మ రెండోసారి ముంత చాపింది.

కామమ్మ ఎక్కిన బండి ముందు సాగింది. మేమంతా పిల్ల ఏడుస్తా ఉండాదేమోనని మొహం చూస్తా ఉంటే, దేవకమ్మ ఒక్కతే కిందికి చూస్తా ఉండాది. బండ్లు వంక దాటేదాకా ఆ ఎడ్ల కాళ్ళనే చూసింది. ఒక్కటీ కుంటలా.