రెట్టింపు బాబాయ్ అంచనా

ఎవరు ఏ గడువు చెప్పినా దాన్ని రెండుతో గుణిస్తే గానీ రెట్టింపు బాబాయ్‌కి తోచదు. "పది నిమిషాల్లో భోజనం" అని భార్య పిలిస్తే సరిగ్గా ఇరవై నిమిషాలకు వచ్చి కూర్చుంటాడు. అంతా చల్లారిపోయిందని ఆవిడ విసుక్కుంటే, "నువ్వే తొందరపడ్డావు" అంటాడు. డాక్టరు చెప్పిన రోజుకంటే వారం ముందే కూతురు పుట్టినప్పుడు మాత్రం ఆస్పత్రి వరండాలో నోరు తెరుచుకుని ఉండిపోయాడట.

అలాంటి మనిషికి కంపెనీలో పనేమిటయ్యా అంటే, వ్యాపారం ఎలా ఉండబోతుందో అంచనా కట్టడం! కంపెనీ తయారుచేసేది లారీ మీద పట్టేంత అణు రియాక్టరు. ఎక్కడో దూరాన, డీజిల్ బండ్ల కోసం ఎదురుచూస్తూ బతికే సైనిక స్థావరాలకు అది కరెంటిస్తుంది. అమ్మకాల మేనేజరమ్మ దానిమీదే ప్రాణాలు పెట్టుకుంది.

"మూడేళ్ళలో మొదటి స్థావరం. ఆ తర్వాత ఏటా పది!" అంది ఆమె డైరెక్టర్ల ముందు.

"మొదటిదానికే ఆరేళ్ళు," అన్నాడు బాబాయ్ వెనక కుర్చీలోంచి.

"ఎందుకని బాబాయ్ గారూ?"

"కొత్త డిజైనమ్మా. అనుమతి రావాలి, ఇంధనం దొరకాలి. సైన్యానికి ఇది కావాలి, కాదనను. కానీ కావాలనుకున్నాక సంతకం పడేలోపు ఆ ఫైలు ఎన్ని బల్లలు ఎక్కి దిగాలి!"

డైరెక్టర్లు ఘొల్లుమన్నారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు.

రెండేళ్ళు గడిచాక సైన్యం నుంచి ఉత్తరం వచ్చింది. భద్రతా పరీక్షలు మిగిలే ఉన్నాయి, ఆర్డరు మరో రెండేళ్ళు వాయిదా! కింద షెడ్డులో రియాక్టరు పని కోసమే పెట్టుకున్న నలభైమంది వెల్డర్లు. వాళ్ళకేం చెప్పాలో తెలియక, మేనేజరమ్మ ఉత్తరం పట్టుకుని కాళ్ళీడ్చుకుంటూ కిందికి దిగింది.

వెల్డర్ల మేస్త్రి విని, "అయ్యో పాపం. కొంచెం పక్కకి జరగండి మేడమ్, పాల ట్యాంకు వస్తోంది," అన్నాడు.

"పాల ట్యాంకేమిటి?"

"డెయిరీలకు ట్యాంకులు చేసిపెట్టే పని, బాబాయ్ గారు తెచ్చిందేనండీ. ఏడాదిగా ఆదివారాలు స్కూటరేసుకుని డెయిరీల చుట్టూ తిరిగారు. చేతిలో పని లేకపోతే మేం తలో దిక్కూ పోతామట, తీరా రియాక్టరు రోజొస్తే అతికేవాళ్ళే ఉండరట. డైరెక్టరు గారినీ ఒప్పించారు."

"రెండేళ్ళకు సరిపోతుందా?"

"నాలుగేళ్ళకు తెచ్చారు మేడమ్!"

ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తింది. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్ గారూ?"

"చెబితే నీ నమ్మకం సడలిపోదూ? అమ్మేవాళ్ళకు నమ్మకం ఉండి తీరాలమ్మా. అనుమానపడటానికి నేనున్నాగా!"

ఆమె పకపకా నవ్వి, ఆయన బల్ల మీది ఫోనే అందుకుని, మరో సైనికాధికారి నంబరు నొక్కింది.