లెక్కలోకి రాని అంబలి

కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయాలి, కానీ షుగర్ దిగేదాకా చెయ్యనని విజయనగరంలో కంటి డాక్టరు మా ఆయనను రెండోసారి కూడా వెనక్కి పంపేశాడు. పంపిస్తూ, కింది గదిలో తిండి సంగతులు చెప్పే డైటీషియన్ ఉంటుంది, ఒకసారి కలవండి అన్నాడు. అదిగో, అక్కడ మొదలైంది మా రభస.

మాది గజపతినగరం దగ్గర పల్లె. మా ఆయన నాకు మేనత్త కొడుకు, అందుకని ఇప్పటికీ బావ అనే పిలుస్తాను. అప్పటికే బావకు గట్టేదో నీళ్ళేదో తెలియడం లేదు. ఒక సాయంత్రం మోకాలు దోక్కుపోయి ఇంటికొచ్చి, దూడ తోసిందని చెప్పాడు. దూడ పొద్దున్నుంచీ పాకలో కట్టేసే ఉంది. ఆ అబద్ధానికి నాకు కోపం రాలేదు, భయం వేసింది.

"ఆ డైటమ్మ దగ్గరికి ఎల్దాం బావా" అన్నాను తిరుగు బస్సులో.

"ఎలాగ తినాలో ఆ పిల్ల నాకు సెప్తాదా? అన్నం మానీసినాను, తీపి మానీసినాను. ఇంకేటి మానీమంటాదో" అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకూ కలుక్కుమంది. ఇన్నేళ్ళుగా వండి పెడుతున్నదాన్ని, నా వంటలో తప్పెక్కడుందో ఎవరో పిల్ల వేలెత్తి చూపిస్తే విని రావాలా? బావ అన్నం మానేసిన రోజే నేనూ మానేశాను. మనిషి ఎదురుగా రొట్టె నములుతుంటే నాకు ముద్ద ఎలా దిగుతుంది? బావి దగ్గర ఒకటి రెండుసార్లు కళ్ళు తిరిగితే ఎండ దెబ్బ అనుకున్నాను. ఇంతకన్నా చేయగలిగిందేముంది?

పొద్దున వెళదామనుకోవడం, సాయంత్రానికి నీరుగారిపోవడం. అలా ఉండగా ఒకరోజు బావ అంబలి చెంబు కోసం అరుగంతా తడుముకుంటుంటే చూశాను. చెంబు ఆయన మోకాలి పక్కనే ఉంది. ఇక నా పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకుని "బయిల్దేరు" అన్నాను.

డైటీషియన్ మా పెద్దమ్మాయి ఈడు పిల్ల. వేలెత్తలేదు, గదమాయించలేదు. పొద్దున లేచి ఏం తింటారని మాత్రం అడిగింది.

"ఏటీ తినను" అన్నాడు బావ, కోర్టులో చెప్పినంత గట్టిగా.

నేనూ తల ఊపాను. మా వైపు పొలానికి పోయే మనిషి పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ, తాగుతాడు. అది తాగడమే, తినడం కిందకు రాదు. ఆ పిల్లదీ మా చుట్టుపక్కల ఊరే కాబోలు, నవ్వి మా యాసలోకి దిగిపోయింది.

"అంబలి తాగరా మావయ్యా?"

"తాగకపోతే సేనుకెలాగ ఎల్తాను?"

"ఎంత తాగుతారేటి?"

బావ రెండు చేతులతో చెంబు చూపించాడు. గట్టు మీద ఇంకో చెంబు అని, కాస్త ఆగి, ఎండెక్కాక మరోటి అని తనే ఒప్పుకున్నాడు. అందులో ఏం వేస్తావని నన్ను అడిగింది. చోడిపిండి, నూకలు అన్నాను. షుగర్‌కి చోళ్ళు మంచివని అందరూ అంటే చెంబు పెద్దది కూడా చేశాం. నూకలన్న మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు వెలగలేదు. కంచంలో మానిపించిన అన్నాన్ని చెంబులో పోసి ఇస్తున్నాను.

బావ మొహం చిన్నబోయింది. "అయితే అంబలి కూడా మానీమంటావేటమ్మా?" అన్నాడు. ఇన్నాళ్ళూ రానని మొండికేసింది ఈ ఒక్క మాటకు భయపడే అని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మానొద్దు మావయ్యా. తిండి కింద లెక్కెయ్యండి, అంతే. పొద్దున్న ఒక గలాసు, నూకలు తగ్గించి, మజ్జిగ పోసుకొని తాగండి. మిగిలిన పూటలకి ఏటి తినాలో నాను సెప్తాను."

అన్నీ చెప్పాక నా వైపు తిరిగింది. "మరి మీరేటి తింతన్నారత్తా?"

"నా సంగతికేటిలే, ముందు ఈయన కన్ను సూడు" అనేసి లేచాను.

చిన్న గలాసు చూసి మొదట్లో అలిగేవాడు, తర్వాత అలవాటు పడ్డాడు. నెలలు పట్టింది గానీ షుగర్ దిగింది, ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పారు. బావ గోడ మీద క్యాలెండరు చూశాడు, కిటికీలోంచి రోడ్డు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. సంతోషిస్తాడనుకుంటే మొహం ముడిచాడు. నా చెయ్యి పట్టుకుని, మోచేతి దాకా జారిపోతున్న గాజుల్ని మెల్లగా కిందకు లాగాడు.

"ఎప్పుడిలాగ సిక్కిపోనావే?"

ఎండల వల్ల అనబోయాను.

"షుగరు నీకా, నాకా?"

నా జవాబు కోసం ఆగలేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగి వెళ్ళి, డైటమ్మ గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన చోటు చూపించాడు.

"రా, కూకో. ఈసారి నీకు."