బరువు కింది దూది

మా వీధి చివర పరుపులు కుట్టే ఆయన ఇంటికి పాత పరుపు ఏకించుకుందామని వెళ్లాను. దూది గడ్డలు కట్టి, నడుము కింద గుంట పడింది. విలేకరిగా ఊళ్లు పట్టుకుని తిరిగిన నడుము అది, ఇప్పుడు దేనికీ ఓర్చుకోవడం లేదు.

దూది ఏకే మిషన్ ఆగి ఉంది. ఆయన గడప మీద కూర్చున్నాడు. లోపల కూతురు గోడకు ఆనుకుని ఉంది. ఆ అమ్మాయి హసన్‌పర్తి దగ్గర కాలేజీలో గణితంలో పరిశోధన చేస్తోంది. చిక్కుపడ్డ పోగులు నొక్కితే ఎలా కదులుతాయి, వదిలితే ఎంత లేస్తాయన్నది సమీకరణాల్లో పట్టుకోవడం ఆమె పని. పోగులు వంగుతాయని, ఒకదాని మీద ఒకటి జారి కొత్తచోట చిక్కుకుంటాయని, అందుకే బరువు తీసినా దూది మునుపటి ఎత్తుకు రాదని ఒకసారి నాకు చెప్పింది. ఎంత తగ్గుతుందో ఆమె లెక్క ముందే చెబుతుంది. అది నిజమో కాదో చూడడానికి వానాకాలం మొదట్లో గాజు డబ్బాలో దూది పరిచి, పైన ఇనుప బిళ్ల పెట్టింది. కాలేజీలో ఎవరో ఒకరు కదిలిస్తారని ఇంట్లోనే ఉంచుకుంది. ఈ వారమే బిళ్ల తీసి కొలవాలి. ఆ కొలత లేకుండా థీసిస్ తీసుకోనని గైడు ముందే చెప్పాడట.

ఆ పొద్దున తండ్రి గది ఊడుస్తూ డబ్బా చూశాడు. బిళ్ల తీసి, దూదిని వేళ్లతో విడదీసి, పొంగించి, మళ్లీ డబ్బాలో సర్దాడు. బిళ్లను తుడిచి పక్కన పెట్టాడు. అణిగిన దూది కనబడితే చెయ్యి ఊరుకోని ఇల్లు అది.

"అణిగిపోయి ఉన్నది బిడ్డా. నీకు పనికి రాదేమో అనుకున్న," అన్నాడు నా ముందే.

"అణగాలనే పెట్టిన నాయినా." కోప్పడే ఓపిక కూడా ఆ గొంతులో లేదు. డబ్బా వైపు చూసి అంది: "మంచిగనే పొంగించినవ్. దిండు కుట్టియ్యి, పండుకుంట."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. మళ్లీ నొక్కి పెడితే కాదా అని అడిగాడు. పోగులన్నీ కొత్తగా చిక్కుకున్నాయని, అది ఇప్పుడు వేరే దూది అని ఆమె నెమ్మదిగా చెప్పింది. గైడుకు ఫోన్ చేస్తే, గడువు పెంచమని అర్జీ పెట్టుకోమన్నాడు. బిళ్ల పెట్టి మళ్లీ అన్ని నెలలూ ఆగాలి.

సాయంత్రం పరుపు తెచ్చుకోవడానికి వెళ్లేసరికి డబ్బాలో కొత్త దూది ఉంది. సమంగా పరవమని తండ్రికే ఇచ్చిందట. బిళ్ల మాత్రం తనే పెట్టింది. ఆ గది గొళ్లేనికి పరుపులు కుట్టే దారం చుట్టి, గట్టిగా ముడేసి ఉంది. ముడి ఆయనే వేసుకున్నాడు.