నేను మూత తీసిన సీసా

సహోదరులారా, సహోదరీలారా, మోకాళ్లూని కూడా నోరు తెరవలేని రోజులు నా జీవితంలో వచ్చాయి, అవి ఎలా వచ్చాయో సిగ్గు విడిచి చెబుతాను.

మా ఆయన ఏసుదాసు మన చోడవరంలో తాపీ మేస్త్రి. అన్నం సహించక చిక్కిపోతుంటే విశాఖపట్నం తీసుకెళ్లాం, కడుపులో చిన్న గడ్డ ఉంది, క్యాన్సర్ మొదలవుతోందన్నారు. కోత లేకుండా నోట్లోంచి గొట్టం వేసి దాన్ని పొరతో సహా ఒలిచి తీశారు. రూపాయి బిళ్లంత ముక్క. దాన్ని చిన్న అట్ట మీద పరచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి, ముక్క పాడవకుండా ఉంచే మందునీళ్ల సీసాలో వేసి, ల్యాబ్‌లో ఇమ్మని నా చేతికిచ్చారు. అక్కడ సన్నగా కోసి చూస్తే జబ్బు ఎంత లోతు దిగిందో, అంచుల్లో ఏమైనా మిగిలిందో తెలుస్తుందని, కడుపు కోయాలా వద్దా అన్నది దాన్నిబట్టే ఉంటుందని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు.

శనివారం సాయంత్రం నేను వెళ్లేసరికి ల్యాబ్ మూసేశారు. ఆస్పత్రిలో ఆయన దగ్గర మా మరిదిని ఉంచి, బట్టల కోసం ఇంటికి బస్సెక్కాను, సీసా నా సంచిలోనే ఉంది. దారిలో ఏదో కోపం పుట్టి, మా సంసారాన్ని కూల్చినదాన్ని కళ్లారా చూడాలనిపించి మూత తీశాను. పాలిపోయిన చిన్న తోలుముక్క, అంతే. ఘాటుకి కళ్లు మండిపోయాయి, బస్సు కుదుపుల్లో మూత సరిగ్గా బిగించలేదు. ఆదివారం ఉదయం చూస్తే సంచి తడిసి ఉంది, సీసాలో చుక్క లేదు, ముక్క అంచులు ముడుచుకుని ఎండిపోయాయి. ఆ రోజు ఒంట్లో బాగోలేదని చెప్పి ఆరాధనకి రాలేదు. సోమవారం కుళాయి నీళ్లు పోసి, ఏమీ తెలియనట్టు ల్యాబ్‌లో ఇచ్చేశాను.

జబ్బు పైపొర దాటలేదట, కానీ ముక్క ఎండిపోవడంవల్ల అంచుల సంగతి చెప్పలేమని రిపోర్టులో రాశారు. ఇక కడుపులో కొంత భాగం కోసి తీసేయాలి, లేదా కొన్ని నెలలకోసారి గొట్టం వేసి చూసుకుంటూ ఉండాలి. అది ఎలా ఎండిందని మా ఆయన అడిగారు, డాక్టరు గారికీ తెలియలేదు. నేను పక్కనే ఉండి మాట్లాడలేదు. ఆయన కంచంలో అన్నం వదిలేసినప్పుడల్లా నేనే ఈ మనిషిని చంపుతున్నానని కుమిలిపోయేదాన్ని.

ఒక ఆదివారం ఆయన మీ మధ్యనే లేచి ప్రార్థన చేశారు. "ప్రభువా, ఆ ల్యాబోళ్లు తెలీక సేసేరు. ఆళ్ల మీద నాకు కోపం నేకుండా సెయ్యి నాయినా." మీరందరూ ఆమెన్ అన్నారు, నేను అనలేకపోయాను.

ఇంటికెళ్లగానే అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతకన్నా తిడితేనే బాగుండేది. మూడో రోజు నేను మిషను కుడుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు.

"అంత బరువు నీ ఒక్కదాని సేతికే ఇచ్చేం. నీతో ఎవరం రానేదు" అన్నారు.

మర్నాడు ఇద్దరం కలిసి ల్యాబ్‌కి వెళ్లి తప్పు ఒప్పుకున్నాం.

మా ఆయన కోత వద్దన్నారు. మొన్న మొదటిసారి గొట్టం వేసి చూశారు, ముక్క తీసిన చోట మచ్చ దగ్గర ఏమీ కనబడలేదన్నారు. మళ్లీ చూడాలి, ఆ తర్వాత మళ్లీ. జబ్బు పోయిందని నేను సాక్ష్యం చెప్పలేను, నా భయమూ పోలేదు. కానీ ప్రభువు నన్ను ఆ అబద్ధంలోంచి బయటికి లాగాడు, దేవునికే మహిమ! మీలో ఎవరైనా ఇలాగే నోరు తెరవలేక కూర్చుని ఉంటే, మంచి కబురు వచ్చేదాకా ఆగకండి. భయంతోనే రండి, తప్పుతోనే రండి, ప్రభువు వింటాడు. నా మాట విన్నాడు.