బాబాయి వాసన బడి

మా బాబాయికి వాసన పిచ్చి. పేకాట పిచ్చి ఉన్నవాడు జత కోసం మరో ముగ్గుర్ని వెతుక్కుంటాడు. మా బాబాయి వీధిలో కనబడ్డ పిల్లలందరినీ పోగుచేసుకొచ్చి, కళ్ళకు గంతలు కట్టి, ముక్కు కింద ఒక డబ్బా పెట్టి, "చూడకు, చెప్పు!" అంటాడు.

ఆయన దర్జీ కాబట్టి గంతలకి గుడ్డముక్కల కరువు లేదు. ఇంటి ముందుగదిలో ఒకవైపు ఆయన కుట్టుమిషను, ఇంకోవైపు మా పిన్ని బేకరీ బల్ల. వెనక వంటింట్లో పెద్ద ఓవెను. సాయంత్రం బడి వదలగానే పిల్లలంతా పుస్తకాల సంచులు మిషను కింద పడేసి వంటింట్లో చేరేవాళ్ళు. అక్కడ మూతలకి చిల్లులు పొడిచిన చిన్న చిన్న డబ్బాలు సిద్ధంగా ఉండేవి. ఒకదాంట్లో లవంగాలు, ఒకదాంట్లో కాఫీపొడి, మరోదాంట్లో నిమ్మతొక్క, ఇంకోదాంట్లో సబ్బుముక్క.

"చూడకు, చెప్పు!"

"కాఫీ!" అన్నాడొకడు.

అదే డబ్బా పక్క పిల్లకి పెడితే, "మా నాన్న!" అంది.

"రెండూ రైటే," అన్నాడు బాబాయి. ఆయన బడిలో తప్పు అనే మాట లేదు. లవంగాన్ని వాసన చూసి "పళ్ళ డాక్టరు" అన్నవాడికి కూడా బిస్కట్టు దొరికింది.

ఆ తరవాత చేతిపని. లవంగాలు గుప్పిట్లో పట్టుకుని కాసేపు నులమాలి. అప్పుడు మళ్ళీ వాసన చూడాలి. "ఇందాకటి కంటే గట్టిగా వస్తోంది తాతా!" అని పిల్లలు అరిస్తే, "మరి! వెచ్చదనం తగిలితే వాసన లేచి గాల్లో తిరుగుతుంది. చలికి మనలాగే అదీ ముడుచుకు పడుకుంటుంది," అని చెప్పేవాడు. ఇంకోరోజు ముక్కు మూయించి యాపిల్ ముక్క ఒకటి, పచ్చి బంగాళాదుంప ముక్క ఒకటి నోట్లో పెట్టేవాడు. ఏది ఏదో తేల్చుకోలేక పిల్లలు తన్నుకునేవాళ్ళు. ముక్కు వదలగానే బంగాళాదుంప దొరికినవాళ్ళు కిటికీ వైపు పరిగెత్తేవాళ్ళు.

ఈ బడికి ఒక నియమం ఉంది. పిల్లల కంటే ముందు ప్రతి డబ్బా మా పిన్ని వాసన చూడాలి. ఆవిడకి ఇన్‌స్పెక్టరు పదవి ఇచ్చాడు బాబాయి.

"ఓవెన్లో బన్నులున్నాయి, నన్నొదలండి!" అని పిన్ని విసుక్కునేది.

"ఇన్‌స్పెక్టరు తనిఖీ చెయ్యకపోతే పాఠం చెల్లదు," అనేవాడు బాబాయి. వెంటనే పిల్లలంతా "ఇన్‌స్పెక్టరమ్మా! ఇన్‌స్పెక్టరమ్మా!" అని గొంతు చించుకునేవాళ్ళు. మొగుడి మాట తీసిపారేయగలదు కానీ పిల్లల మాట తీసెయ్యడం ఆవిడ వల్ల కాదు. మూతి ముడుచుకుని డబ్బాలన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయేది.

ఈ చదువు మా అమ్మాయికి బాగా ఒంటబట్టింది. ఒకరోజు మా ఆఫీసరు గారు ఇంటికొస్తే, "అంకుల్, కొంచెం వంగండి," అంది. పాపం ఆయన ముద్దు పెడుతుందేమోనని వంగాడు. ఇది కళ్ళు మూసుకుని ఆయన కాలరు వాసన చూసి, "వెల్లుల్లి, పౌడరు, బస్సు," అని తేల్చింది. ఆయన కారులో వచ్చానని మాతో చెప్పి అప్పటికి అయిదు నిమిషాలు కాలేదు.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేది, బేకరీ పరిస్థితి బాగుండి ఉంటే. అంతకుముందు పిన్ని ముందుగదిలో బేరాలాడుతూనే, "అయిపోయాయి, తీసెయ్యండి!" అని వంటింటి వైపు కేకేసేది. తీస్తే బన్నులు బంగారంలా ఉండేవి. వానాకాలంలో ఒకసారి గట్టిగా జ్వరం పడి లేచాక ఆ కేక ఆగిపోయింది. బన్నులు ఒకరోజు బొగ్గులు, ఒకరోజు పచ్చిపిండి. అలవాటైనవాళ్ళు ఒక్కొక్కరే మలుపులో ఉన్న కొట్టుకి జారుకున్నారు. తప్పంతా ఓవెనుదే అంది పిన్ని. మెకానిక్కు వచ్చి ఓవెను దివ్యంగా ఉందన్నాడు. అయితే తప్పు మెకానిక్కుదే అంది. చివరికి ఒకరోజు, "నెలాఖరుకి మూసేస్తున్నా. ఇంక నా వల్ల కాదు," అని తేల్చేసింది.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళాం కొట్టు మూతబడుతుంటే ఈయన నిమ్మకు నీరెత్తినట్టున్నాడు, డబ్బాలు పట్టుకుని పిల్లలతో ఆటలు! కుట్టించుకోవాల్సిన ప్యాంటొకటి సాకుగా పట్టుకుని వెళ్ళాను.

"బాబాయ్, పిన్ని అంత బాధపడుతుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా?"

ఆయన మిషను ఆపి, గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఒరేయ్, మీ పిన్నికి వాసన తెలీటం లేదు. జ్వరంతో పోయింది."

నేను మిషను దగ్గరికి జరిగాను.

"డాక్టరు మందేమీ లేదన్నాడు. రోజూ నాలుగైదు రకాల వాసనలు శ్రద్ధగా పీల్చాలిట. నెమ్మదిగా రావచ్చు, రాకపోనూవచ్చు. మీ పిన్ని సంగతి నీకు తెలుసుగా? ఈ వయసులో నా ముక్కుకి ఓనమాలు దిద్దిస్తారా అని డాక్టరు మీదే లేచింది. మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టంది. అందుకని ఊసెత్తలేదు. బడి పెట్టాను."

"అయితే ఇన్‌స్పెక్టరు..."

"ష్! ఆవిడ పాఠం అయిపోయాక పిల్లలు మిగిలిపోతారుగా? వాళ్ళకీ చెప్తున్నా. ముక్కు మూసుకుని తింటే ఎలా ఉంటుందో నేనూ ఒక రోజంతా తిని చూశాన్రా. అన్నం అన్నంలా లేదు. అదట్లా తింటూ కూడా మన నోటికి రుచిగా పెడుతోంది చూడు, అదీ..." అని ఆపి సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. దారం ఎంతకీ ఎక్కలేదు.

ఆయన మీద నాకు అంతకుముందు ఎప్పుడూ లేనంత ప్రేమ పొంగింది. ప్యాంటు అక్కడే వదిలేసి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం ప్యాంటు కోసం వెళ్ళేసరికి వంటింట్లో పాఠం జరుగుతోంది. పిల్లలంతా గంతలు కట్టుకుని, తనిఖీ అయిన డబ్బాల్లో ముక్కులు దూర్చి ఉన్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరమ్మ లవంగాల డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఇందులో ఏం పెట్టారండీ? గుడ్డ కాల్చి పెట్టారా?"

"లవంగాలే," అన్నాడు బాబాయి.

"లవంగాలు కాదు. గుడ్డ మాడుతున్న వాసన."

బాబాయి కొయ్యబారిపోయాడు. "ఇంకోసారి చెప్పు."

"గుడ్డండీ, గుడ్డ! మీ ఇస్త్రీ పెట్టె! ఎక్కడ వదిలేసి వచ్చారు?"

అప్పుడు గానీ మా ముక్కులకి ఆ వాసన తగల్లేదు. పిల్లలు గంతలు పీకి గోల మొదలెట్టారు. నేను ముందుగదిలోకి పరిగెత్తి ఇస్త్రీ పెట్టె ఎత్తి స్విచ్చి ఆపాను. దాని కింద పొగలు కక్కుతున్నది నా ప్యాంటే. సరిగ్గా కూర్చునే చోట, నల్లగా, ఇస్త్రీ పెట్టె ఆకారం అచ్చుగుద్దినట్టు పడింది.

దాన్ని పట్టుకుని వంటింట్లోకి వెళితే నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు. పిన్ని స్టూలు మీద కూర్చుని ఒక్కో డబ్బా మూత తీస్తోంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"సబ్బు... లేదు. నిమ్మ, ఉంది. కాఫీ ఎక్కడో దూరంగా ఉంది. కానీ ఉంది." ఆవిడ కళ్ళు తుడుచుకుని బాబాయి వైపు తిరిగింది. "మీ వేషాలు నాకు తెలీవనుకున్నారా? మొదటిరోజే తెలుసు."

"మరి ఊరుకున్నావేం?"

"నేను రానంటే పిల్లల చదువు ఆగిపోతుందని."

"మరి నెలాఖరుకి మూసెయ్యడం?" అన్నాను నేను.

"ఇంకొన్నాళ్ళు చూద్దాంరా," అంది పిన్ని. "ఓవెనుకి కూడా కాస్త బుద్ధొస్తున్నట్టుంది."

బాబాయి మొహమంతా నవ్వే. తిన్నగా నా దగ్గరికొచ్చి ప్యాంటు అందుకుని మాడిన చోటు తడిమి చూశాడు. క్షమాపణ చెప్తాడేమో, వద్దులే అందామనుకున్నాను. ఆయన జేబులోంచి కత్తెర తీసి, నల్లబడిన ముక్క మొత్తం గుండ్రంగా కత్తిరించి, ఖాళీ డబ్బాలో వేసి మూత బిగించాడు.

"రేపటి పాఠానికిరా," అని మిగిలిన ప్యాంటు నా చేతికిచ్చాడు.